వద్దు అని మాత్రమే రాయాలి

సెప్టెంబరు 12, గురువారం

రాసే అలవాటు లేదు నాకు. మొన్న మంగళవారం పొద్దున సంగతి మాత్రం రాసి పెట్టుకోవాలి. ఏమీ జరగని పొద్దు అది. అందుకే.

నాలుగున్నరకు లేచాను. జపమాల పూర్తిచేసి కుక్కర్ మీట నొక్కాను. మా ఆయన వాకిట్లో పాత పేపర్లు కట్ట కడుతున్నారు. మంగళవారం కాగితాల బండి వస్తుంది. అడ్డంగా రెండు చుట్లు, నిలువుగా రెండు, ముడి పైకి రావాలి. పెళ్ళయిన ఈ ముప్పై ఏళ్ళలో ఆ ముడి మారలేదు. ఆరింటికి మా చెల్లెలు నీల రాత్రి డ్యూటీ దిగి సైకిలు మీద వచ్చింది. అది పనిచేసే వృద్ధాశ్రమం మా వీధికి పది నిమిషాలు. గుమ్మంలో బూట్లు విప్పుతూనే అన్నం అయిందా అక్కా అంది. నలభై ఒక్క ఏళ్ళు దానికి, ఇంకా అదే మాట.

ఎండుచేప వేయించాను. ఆ వాసనకు పక్కింటివాళ్ళు కిటికీలు మూసుకుంటారని వాన రోజునే వేయిస్తాను. మంగళవారం వాన లేదు. అయినా వేయించాను. పదకొండింటికి నగోయాలో మా ఫిలిప్పీన్స్ కాన్సులేటుకు వెళ్ళి సంతకం పెట్టి రావాలి. నేను కూరాకులు కట్టలు కట్టే షెడ్డులో సెలవు కూడా అడిగి పెట్టుకున్నాను. నాన్న పొలం కాగితం అది. తమ్ముడు క్రిసాంతో అక్కడ సంతకం చేశాడు, నీల పోయిన నెలలోనే చేసింది. మిగిలింది నాదే.

మా ఆయనకు ఇంగ్లీషు రాదు. కాగితం తిప్పి చూసి ఏమిటిదని అడిగారు. పొలం మొత్తం నా పేరు మీద పెడుతున్నారని చెప్పాను. పెద్దదాని పేరున ఉంటే మీరు కొట్టుకోరు అని నాన్న చివరి రోజుల్లో అన్నాడట. మా వైపు అంతే. కాగితం పెద్దక్క పేరున ఉంటుంది, పంట అందరిదీ.

ఇప్పుడు ఎంత పలుకుతుందని అడిగారు. చెప్పాను. ఆయన అన్నం తినే పుల్లలు కింద పెట్టారు.

"ఏమోయ్, పన్నుల వాళ్ళను అడిగావా?"

చేప చల్లారిపోయింది. నీల తినేసింది.


సెప్టెంబరు 13

సంతకానికి వెళ్ళలేదు. జ్వరమని క్రిసాంతోకు చెప్పాను. అబద్ధం. క్షమించు తండ్రీ.


సెప్టెంబరు 18, బుధవారం

నెలకోసారి తొయొహాషి మునిసిపల్ ఆఫీసులో పన్నుల సలహా ఉచితంగా చెబుతారు. ఇవాళ వెళ్ళాం. మిజోగుచి అని ఒకావిడ. నా వయసే ఉంటుంది. కళ్ళజోడు గొలుసుకు వేలాడుతోంది.

ఆవిడ మొదట అడిగినవి నాలుగే. నాన్న ఎప్పుడు పోయారు. నేను ఇక్కడ ఎన్నాళ్ళుగా ఉన్నాను. చేతిలో ఏ కార్డు ఉంది. పొలం బజారులో ఎంత చేస్తుంది.

శాశ్వత నివాసం కార్డు చూపించాను. అది వచ్చిన రోజున మరియమ్మ పటం ముందు పెట్టి నవదినాల ప్రార్థన చేశాను.

ఆ కార్డు ఉన్నవాళ్ళకు పుట్టింటి ఆస్తి ఏ దేశంలో ఉన్నా, పోయినవాళ్ళు జపాను మొహం చూడకపోయినా, వారసత్వ పన్ను ఇక్కడ కట్టాలట. కబురు తెలిసిన నాటి నుంచి పది నెలలు. నాన్న ఫిబ్రవరి 3న పోయాడు. అంటే డిసెంబరు 3. మా దేశంలో పన్నేమీ పడలేదండీ అన్నాను. అక్కడి సర్కారు పుస్తకంలో అది ఇంకా పినతూబో కొండ పేలి బూడిద కప్పేసిన నేలే, కాగితం మీద విలువ లేదు. అక్కడ కట్టి ఉంటే ఇక్కడ తగ్గేది, కట్టలేదు కాబట్టి తగ్గించడానికి ఏమీ లేదంది. ఇక్కడ బజారు ధర చూస్తారు. కొత్త రోడ్డు పడ్డాక గోదాముల కంపెనీ చెప్పిన ధర.

మొత్తం నా పేరున వస్తే కోటిన్నర యెన్ల దాకా పడుతుంది. మా ఇల్లు అమ్మితే ఇంచుమించు అంతే వస్తుంది.

మా చెల్లెలు కూడా ఈ ఊళ్ళోనే ఉందండీ, దానికీ ఇంతేనా అని అడిగాను. ఏ కార్డు అంది. పని వీసా అన్నాను.

"ఆవిడకు లేదు. ఇక్కడి ఆస్తి అయితేనే పన్ను."

"ఒకే తండ్రి బిడ్డలమండీ."

"తెలుసండీ. కార్డు వేరు. మీ నాన్నగారు పోయిన రోజున ఎవరి చేతిలో ఏ కార్డు ఉందో అదే లెక్క."

ఆవిడ తప్పేమీ లేదు. వెళ్ళేటప్పుడు లేచి తలవంచి, నాన్నగారి విషయం విని బాధ కలిగిందని కూడా చెప్పింది. ఈ కాగితాల గొడవ మొదలయ్యాక ఆ మాట అన్నది ఆవిడ ఒక్కతే.


సెప్టెంబరు 22, ఆదివారం

పూజ అయ్యాక గుడి వంటింట్లో కప్పులు కడుగుతూ మా దేశపు పెర్లాకు చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. నీకేమమ్మా, ఆస్తి ఉన్నవాళ్ళ ఏడుపు కూడా ఖరీదే అంది. మా నాన్న నాకు వదిలింది ఒక కోడిపుంజు, దానికి ఏ దేశంలోనూ పన్ను లేదు, అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

నాకు పొలం మీద ఆశ లేదు. పడమటి మూల కాస్త ఎత్తుగా ఉంటుంది, వాన నీళ్ళు నిలవవు. అక్కడ ఒక గది ఉంటే బాగుంటుందని ఎప్పుడో అనుకున్నాను. అంతే.


సెప్టెంబరు 24

క్రిసాంతోకు ఫోన్ చేసి ఉన్నదంతా చెప్పాను, మొత్తం నా పేరున వద్దన్నాను. వెనకాల బాతుల గోల. వాడి బాతుల దొడ్డి ఆ పొలంలోనే ఉంది, వాడి కూడు అదే. పొలం అమ్మి పన్ను కడదామని వాడితో అనలేను.

"అక్కా, మన దొడ్డి సంగతి జపాను వాళ్ళకు ఎవరు చెప్తారు? బాతులు చెప్తాయా?"

నేను చెప్తాను అన్నాను.

వాడికి కోపం వచ్చింది. అందరం కలిసి నిన్ను నెత్తిన పెట్టుకుంటే నువ్వు దింపేయమంటున్నావు అన్నాడు. నాన్న మాట అది, నాన్న మాట, అని మూడుసార్లు అన్నాడు. వాడు ఫోన్ పెట్టేశాక పరలోక జపం చెప్పుకున్నాను. సగంలో ఎక్కడ ఉన్నానో మరిచిపోయాను.


సెప్టెంబరు 29, ఆదివారం

నీలకు ఇవాళ చెప్పాను. మొదట పెద్దగా నవ్వింది.

"ముసలాళ్ళ గుడ్డలు మార్చే కూలిదాన్ని కాబట్టి నాకు పన్ను లేదు. నువ్వు ఇక్కడి రాణివి కాబట్టి నీకు ఉంది. ఇన్నాళ్ళకు నా వీసాకు ఒక అందం వచ్చింది."

తర్వాత, అయితే నా పేరున రాసేయ్ అక్కా, అంది. వేళాకోళానికే. నేనూ నవ్వాను. ఆ తర్వాత ఇద్దరం టీవీ చూశాం.


అక్టోబరు 2

నీల ఈ వారం రాలేదు. డ్యూటీలు ఎక్కువట.


అక్టోబరు 6, ఆదివారం

ఈ మాట ఎక్కడా రాయలేదు. ఒక్కసారి రాసి ఊరుకుంటాను.

ఆ పొలం నా డబ్బుతో కొన్నది. పందొమ్మిదేళ్ళప్పుడు ఆరు నెలల ఒప్పందం మీద నగోయాలో క్లబ్బులో పాడడానికి వచ్చాను. వెళ్ళాను, మళ్ళీ వచ్చాను. అలా ఏడుసార్లు. పాట అయ్యాక బల్లల దగ్గర కూర్చుని గ్లాసులు నింపాలి. ఇంటికి వెళ్ళే అమ్మాయిల చేత కవరులో డబ్బు పంపేవాళ్ళం. కొండ పేలి ఊరంతా బూడిద కింద పడ్డాక ఆ నేల ఎవరికీ అక్కర్లేకపోయింది. నాన్న నా కవర్లతో రెండున్నర ఎకరాలు కొన్నాడు, తన పేరున. పెళ్ళికాని కూతురి పేరున ఎవరు కొంటారు. బూడిద కొన్న వెర్రివాడని ఊరు నవ్వింది. వరి అమ్మి కొన్నానని చెప్పుకునేవాడు. ఎక్కడి డబ్బని ఇంట్లో ఎవరూ అడగలేదు. అడగకపోవడం మంచిదే.

పోయిన నెల లేచి వచ్చే ముందు మెల్లిగా అడిగితే, అది మీ సొమ్మేనని చూపించే రసీదు ఏదైనా ఉందా అని మిజోగుచిగారు అడిగింది. కవరుకు రసీదేమిటి.

నా సొమ్ముకు నేను వారసురాలిని.

రాశాను. ఇక ఊరుకుంటాను.


అక్టోబరు 7

రాత్రి భోజనాల దగ్గర మా ఆయన అన్నారు, "ఇల్లు అమ్మేద్దాం. అద్దెకు చిన్నది చూసుకుందాం. నువ్వు మీ ఊరు పోగొట్టుకోవద్దు."

అన్నం నములుతూ అన్నారు, పెద్ద విషయం కానట్టు. అరవై ఎనిమిది ఏళ్ళు ఆయనకు. ఇరవై ఐదేళ్ళు కారు విడిభాగాల ఫ్యాక్టరీలో చేసి అప్పు తీర్చిన ఇల్లు. మొన్న వేసవిలోనే గదుల్లో గడ్డి చాపలు మార్చారు, ఒంగి ఒంగి, నడుము పట్టేసేదాకా.

టీ ఇంకాస్త పొయ్యనా అన్నాను.


అక్టోబరు 14

నాకు పొలం మీద ఆశ లేదు. షెడ్డు నుంచి బస్సులో వస్తూ ఊరికే కొలతలు వేసుకున్నాను. పన్నెండడుగులు పొడవు, పది వెడల్పు. వంటిల్లు తూర్పుకు. ఆయనకు మెట్లు ఎక్కువ ఉండకూడదు.

ఇవాళ షెడ్డులో రెండు కట్టల్లో పదికి బదులు తొమ్మిది ఆకులే పెట్టాను. ముప్పై ఏళ్ళలో అలా జరగలేదు. మేనేజరు కట్టలు తిరిగి నా ముందు పెట్టి వెళ్ళిపోయాడు.


అక్టోబరు 16, బుధవారం

మిజోగుచిగారిని మళ్ళీ కలిశాను, ఒక్కదాన్నే వెళ్ళాను. మూడో వంతు తీసుకుంటే మూడో వంతు పన్ను. మా ఇద్దరి ముసలితనానికి దాచుకున్నది దాదాపు అంతే. ఏమీ తీసుకోకపోతే ఏమీ లేదు. తమ్ముడు అక్కడే ఉంటాడు కాబట్టి వాడికీ లేదు, నీలకూ లేదు.

వాళ్ళ పేరున పెట్టి, తర్వాతెప్పుడైనా మూల కాస్త నాకు వెనక్కి ఇస్తే, అని అడిగాను. అడగకూడని మాటని అడుగుతుండగానే తెలిసింది.

ఆవిడ కళ్ళజోడు తీసింది.

"ఇచ్చింది ఇచ్చినట్టే ఉండాలండీ. వెనక్కి ఇస్తే అది బహుమతి కింద వస్తుంది, దాని పన్ను ఇంకా పెద్దది. పేరు వాళ్ళదీ మనసులో మీదీ అయితే అది అబద్ధపు లెక్క. మీరు అలాంటివారు కారనుకుంటాను."

కాను అన్నాను. బస్టాపులో కూర్చుని రెండు బస్సులు వదిలేశాను.


అక్టోబరు 20, ఆదివారం

నీల వచ్చింది. మూడు వారాల తర్వాత. చేతిలో పుచ్చకాయ ముక్కల డబ్బా, అది బతిమాలుకోవాలన్నప్పుడు తెచ్చేది.

నేను ముందే చెప్పేశాను. నాకు వద్దు, నీకూ తమ్ముడికీ సగం సగం.

"నన్ను దొంగను చెయ్యకు అక్కా."

"దొంగ ఎందుకవుతావు. నాన్న ఆస్తి."

"నాన్న ఆస్తా?"

తలెత్తి నా వైపు చూసింది. నేను డబ్బా మూత వెతుక్కున్నాను. మూత బల్ల మీదే ఉంది.

అది గొంతు పెంచలేదు. నర్సు కాలేజీలో చేరిన రోజున అమ్మ చెప్పిందట, ఇది అక్క గొంతు అమ్ముకున్న డబ్బే, ఫెయిలయితే నా మొహం చూడకు అని. ఇరవై మూడేళ్ళుగా తెలుసట.

నేను పాటలే పాడాను అన్నాను.

"నాకు తెలుసు. నేను ఇంకేమైనా అన్నానా?"

పుచ్చకాయ తిన్నాం. వెళ్ళేటప్పుడు, సమాధుల పండక్కి ఇద్దరం కలిసి వెళ్దాం, టిక్కెట్లు నేను తీస్తానంది. నేను తీస్తానన్నాను. అక్కడ పోట్లాడుకున్నాం, టిక్కెట్ల మీద. హాయిగా ఉంది.


అక్టోబరు 26

మా ఆయన బ్యాగులో దగ్గు మందు, వేడి పట్టీలు, మా తమ్ముడికి గోళ్ళు తీసుకునే కత్తెర పెట్టారు. జపాను గోరు కత్తెర అంటే క్రిసాంతోకు ప్రాణం. ఏమి తేల్చుకుని వస్తావని అడగలేదు.


అక్టోబరు 31, గురువారం. మా ఊరు

నిన్న చేరాం. పొద్దున్నే క్రిసాంతో ముందు పొలానికి తీసుకువెళ్ళాడు. రోడ్డు మీద లారీలు. మూల దాకా నడిచాను. చిలగడదుంప తీగలు అల్లుకుని ఉన్నాయి. బూట్ల నిండా బూడిద ఇసుక. ఒక్క నిమిషమే ఉన్నాను. రెండు నిమిషాలు.

పదింటికి పట్నంలో లాయరు దగ్గరికి వెళ్ళాం. కుర్రవాడు, మర్యాదస్తుడు. నా వంతు తమ్ముడికీ చెల్లెలికీ ఇస్తున్నట్టు రాయమన్నాను. అలా రాయకూడదట. ఫలానావాళ్ళకు ఇస్తున్నానని రాస్తే అది దానం, దానికి ఇక్కడ పన్ను. వద్దు అని మాత్రమే రాయాలి. వద్దన్న వాటా ఎవరికి పోవాలో చట్టం చూసుకుంటుంది.

"మేడం, మీరు ఎవరికీ ఇవ్వడం లేదు. తీసుకోవడం లేదు. అంతే."

నేను నాకు తెలియకుండానే శిలువ గుర్తు వేసుకున్నాను. అతను కంగారుపడి మంచినీళ్ళు తెప్పించాడు.

క్రిసాంతో సంతకం పెట్టనివ్వలేదు. రేపు అమ్మానాన్నల దగ్గర మాట్లాడుకుందాం, సోమవారం పెడుదువుగాని అని కాగితం లాక్కున్నాడు. ఇంటికి వచ్చి బాతులను తిట్టాడు.


నవంబరు 1, శుక్రవారం

పొద్దుటి నుంచి శ్మశానంలోనే ఉన్నాం. ఊరంతా అక్కడే ఉంది. పక్క సమాధివాళ్ళు రేడియో పెట్టారు, అవతలివాళ్ళు పేకాట. మరదలు అరిటాకుల్లో చుట్టిన బంకబియ్యం ముద్దలు, సేమ్యా తెచ్చింది. నీలా నేనూ సున్నం వేశాం. అమ్మ పేరు, నాన్న పేరు, పైన ఖాళీగా ఉన్న మూడో అర.

నాలుగింటికి జపమాల నేనే చెప్పించాను. అయ్యాక క్రిసాంతో ఒక సీసా తెరిచాడు, ఒక చుక్క నేల మీద పోశాడు, మిగతాది తాగలేదు.

"అక్కా, ఆ కాగితం ఎందుకు అలా రాయించానో తెలుసా నీకు?"

నాన్న మాట అన్నావు కదా అన్నాను.

"నాన్న ఏమీ అనలేదు. చివరి నెల ఆయనకు మాటే లేదు. నేనే అన్నాను. నువ్వు కొన్నది నీకు చేరాలని. ఆ మాట నీతో ఎలా చెప్పను? అది చెప్తే ఇంకొకటి చెప్పాలి."

మరదలు పళ్ళాలు సర్దుతూ ఆగిపోయింది. పక్క రేడియోలో ఎవరో నవ్వుతున్నారు.

"నాకు పదిహేనేళ్ళప్పుడు నీ కవర్లు తెచ్చుకోవడానికి మనీలా ఎయిర్‌పోర్టుకు నేనే వెళ్ళేవాడిని. ఆ అమ్మాయిలు నన్ను చూసి ఏడ్చేవాళ్ళు. ఎందుకు ఏడుస్తున్నారో నేను అడగలేదు. భయమేసి అడగలేదు."

అడిగినా ఏం చెప్తారు రా అన్నాను. వాళ్ళకు వాళ్ళ తమ్ముళ్ళు గుర్తొచ్చి ఉంటారు. వాడి తల మీద చెయ్యి వేశాను. యాభై మూడేళ్ళవాడు. జుట్టు నిండా సున్నం.

తర్వాత వాళ్ళిద్దరూ చాలా చెప్పారు. ఆ మూల నీకే వదిలేస్తాం, కాగితం ఎందుకు, నోటి మాట చాలు అన్నారు. కాదన్నాను. నోటి మాటతో నాకు ఉంచితే, నేను జపాను వెళ్ళి నాకేమీ లేదని రాసేది అబద్ధమవుతుంది. దేవుడికి ఒకటి, పన్నుల ఆఫీసుకు ఒకటి నేను చెప్పలేను. ఇల్లు అమ్ముతానన్నారు మీ బావగారు, ఆ మాట నేను నిజం కానివ్వను. నాకు ఆశ ఉంది ఆ మూల మీద. ఉందని ఇప్పుడు చెప్తున్నాను. ఉన్నా వద్దు.

ఇంత పొడుగ్గా నేను ఎప్పుడూ మాట్లాడలేదు.

అప్పుడే శ్మశానం గుమాస్తా పుస్తకం పట్టుకుని సమాధి సమాధికీ తిరుగుతూ వచ్చాడు. సమాధి చోటుకు నాన్న పేరున కట్టిన ఐదేళ్ళ గడువు డిసెంబరుతో తీరిపోతుందట, ఇక ఎవరి పేరు రాయమంటారని అడిగాడు. క్రిసాంతో జేబులో చెయ్యి పెట్టాడు. నీల వాడి చెయ్యి పట్టుకుంది.

"ఆగన్నయ్యా. పొలం మనం తీసుకుంటున్నాం. ఇది అక్కది."

క్రిసాంతో కాసేపు దాని మొహం చూశాడు. తర్వాత గుమాస్తాతో, పేరు ఎవరిదైతే ఏటా సున్నం వేయించాల్సింది వాళ్ళే కదా, పండక్కి రాకపోతే ఊళ్ళో మాట పడేది వాళ్ళే కదా అని అడిగాడు. గుమాస్తా అవునన్నాడు. అయితే రాసుకో, హెర్మీనియా అని రాయి, అన్నాడు. ఎలా ఎగ్గొడుతుందో చూస్తాను, అన్నాడు.

ఇది కూడా ఆస్తే కదా, చెప్పాలా అని మిజోగుచిగారికి, ఆవిడ ఇచ్చిన నంబరుకు, అక్కడి నుంచే సందేశం పెట్టాను. అరగంటకు జవాబు వచ్చింది. సమాధికి పన్ను లేదు, ఎవరికీ చెప్పనక్కర్లేదు.

మా ఆయనకు ఫోన్ చేశాను. అన్నీ విన్నారు. ఆయన ఇంట్లో రెండో కొడుకు, వాళ్ళ పెద్దల సమాధిలో ఆయనకు చోటు లేదు. ఇద్దరమూ ఆ సంగతి ఎప్పుడూ మాట్లాడుకోలేదు. ఆ మూడో అర ఎంత వెడల్పు ఉంటుందని అడిగారు.

సాయంత్రం ఏడింటికి ముగ్గురం తేల్చుకున్నది ఇది. సోమవారం నేను వద్దు అని సంతకం పెడతాను. పొలం క్రిసాంతోకు, నీలకు, మూలతో సహా. సమాధి నాది. ప్రతి నవంబరు ఒకటిన నేను వస్తాను, వచ్చినప్పుడు తమ్ముడి ఇంట్లోనే దిగుతాను, అద్దె మాట ఎత్తను. క్రిసాంతో టేపు తెచ్చి అర కొలిచాడు. ఇద్దరికి సరిపోతుంది. మా ఆయన పేరు స్పెల్లింగు నీల చెప్పింది, గుమాస్తా నా పేరు పక్కనే రాసుకున్నాడు.